కన్నడ అక్షరాల్లో మా తెలుగు పద్యం

ఊళ్ళో నాటకం పద్యాలు నేర్పిన మా నాయన పోయాక నా వంతుకు వచ్చినవి రెండే. ఒకటి కాళ్ళ హార్మోనియం, రెండోది లెక్కల పుస్తకం. పొడుగ్గా, ఎర్ర గుడ్డ అట్టతో ఉంటుంది, మండీలో శెట్లు పద్దులు రాసుకునే రకం. ఈ పుస్తకంలో మాత్రం పద్దులు లేవు, పద్యాలున్నాయి. రాయబారం, పడకసీను, హరిశ్చంద్రుడి కాటిసీను. మొదటి పేజీ నుంచి చివరిదాకా తెలుగు పద్యాలే. అక్షరాలు మాత్రం కన్నడం.

కర్ణాటకలో, ఆంధ్ర గీతను ఆనుకుని ఉన్న మా పావగడ తాలూకాలో పుట్టినవాళ్ళకు ఇందులో వింతేమీ కనబడదు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. అవ్వ తిట్టేది తెలుగులో, అయ్యవారు కొట్టేది కన్నడంలో. నేను కూడా ఆ కన్నడ బళ్ళోనే చదివి, ముప్పై ఏళ్ళకు పైగా కన్నడ బళ్ళలోనే పాఠం చెప్పి రిటైరయ్యాను. పొద్దున పిల్లల చేత కన్నడ ఒత్తులు దిద్దించి, సాయంత్రం ఇంటికొచ్చి నాయన పక్కన కూర్చుని పద్యాలు ఎత్తి రాసేదాన్ని. తెలుగు లిపి నాకు నలభై దాటాకే వచ్చింది, హిందూపురం నుంచి తెప్పించుకున్న పెద్దబాలశిక్షతో. కన్నడం తెలిసినవాళ్ళకు అదేం పెద్ద పని కాదు. తలకట్లు గుర్తుపడితే సగం వచ్చేసినట్టే.

ఇప్పుడు ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం ఉంది. రెండేళ్ళ కిందట మా ఊరి నాటకం వాళ్ళు ఒక ఉత్సవంలో ఆడటానికి అర్జీ పెట్టుకున్నారు. "మీది తెలుగు నాటకం కదా, ఇది కన్నడ ఉత్సవం" అన్నారు అక్కడ. సరేనని గీత అవతల ఆంధ్రలో ఇంకోచోట అడిగాం. "మీ ఆధారు కార్డులో కర్ణాటక ఉంది కదమ్మా, మా కళాకారులకే చాలడం లేదు" అన్నారు. రెండుచోట్లా కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, మర్యాదగానే చెప్పారు. కానీ తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా సుయోధనుడి వేషగాడు, అరవై దాటిన మనిషి, కిటికీ లోంచి చూస్తూ అడిగిన మాట నాకింకా చెవిలో ఉంది. "అయితే మనం ఎవురి మనుషులం అక్కా?"

ఆ ప్రశ్న తప్పని నా వాదన. నాటకం ఆడే ఊరిని భాషతో కొలిచి, కార్డుతో తూచి, ఇటు కాదు అటు కాదు అని వదిలేయడమే తప్పు. కన్నడ అక్షరాల్లో రాసుకున్న మా తెలుగు పద్యం సగం తెలుగూ కాదు, సగం కన్నడమూ కాదు. అది నిండు పద్యం.

పావగడను మ్యాపులో చూడండి. మూడు పక్కలా ఆంధ్రమే. మడకశిర, రొద్దం, కళ్యాణదుర్గం వైపు ఊళ్ళన్నీ మమ్మల్ని చుట్టుకుని ఉన్నాయి. మా జిల్లా కేంద్రం తుమకూరుకు పోవాలంటే మధ్యలో ఆంధ్ర భూమి దాటాలి. 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను పడిపోయాక పావగడ మైసూరు ఒడెయర్ల రాజ్యంలో ఉండిపోయింది. మా చుట్టూ ఉన్న సీమ నిజాము చేతి మీదుగా 1800లో కుంపిణీకి పోయి దత్తమండలమైంది. గీత ఎక్కడో గీశారు, మా పొలాలు, మా పెళ్ళి సంబంధాలు, మా జాతరలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఉత్తర పినాకిని ఒడ్డున నాగలమడికె సుబ్రహ్మణ్యుడి తేరుకు వచ్చే జనంలో ఎవరు ఏ రాష్ట్రమో మాట విని చెప్పలేం. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో భాషల లెక్కన రాష్ట్రాలు వచ్చినప్పుడు కూడా మా ఇళ్ళల్లో పాడే జోలపాట మారలేదు.

మళ్ళీ పుస్తకం దగ్గరికి వస్తాను, అసలు సంగతంతా అందులోనే ఉంది.

నాయనకు తెలుగు చదవడం రాదు. హిందూపురంలో కొన్న నాటకం పుస్తకాన్ని, అక్కడ చదువుకుని వచ్చిన ఒకాయన లాంతరు ముందు గట్టిగా చదువుతుంటే, నాయన విని కన్నడంలో రాసుకున్నాడు. గోదావరి సీమకు చెందిన తిరుపతి వేంకట కవులు కట్టిన పాండవోద్యోగ విజయాల పద్యాలు అలా చెవి దారిన మా ఊరికొచ్చాయి. చెవితో రాసిన రాతకు కొన్ని చిక్కులుంటాయి. తెలుగులో "చాలు" అనేటప్పుడు నాలుక పళ్ళకు ఆనుతుంది, "చెల్లి" అనేటప్పుడు ఆనదు. "జోల"కూ "జింక"కూ ఇదే తేడా. రెంటికీ ఇప్పుడు వాడుకలో ఒక్కటే అక్షరం. తెలుగు పిల్లలకు నోటికి తెలుసు కాబట్టి చిక్కు లేదు. కన్నడ బళ్ళో చదువుకున్న పిల్లలు కన్నడం తీరుగా అన్నిటినీ "చెల్లి"లోని చకారంలాగే చదివేస్తారు. నాయన దీనికి ఉపాయం కనిపెట్టాడు. పంటికి ఆనించి పలకాల్సిన చ, జ అక్షరాల కింద సిరాతో చిన్న చుక్క. పుస్తకం నిండా ఆ చుక్కలు. చిన్నప్పుడు వేలితో తడుముతూ ఉంటే పద్యం మీద ఎవరో ఆవాలు చల్లినట్టుండేది.

ఏ వ్యాకరణమూ నేర్చుకోకుండానే ఒక పల్లెటూరి మనిషి ఉచ్చారణను ఇంత నిక్కచ్చిగా పట్టుకున్నాడు. ఎందుకంటే రేపు రాత్రి వేదిక మీద కృష్ణుడు తప్పు పలికితే ముందు వరుసలో కూర్చున్న అవ్వలు ఊరుకోరు.

పుస్తకంలో తప్పులూ ఉన్నాయి. నేను తెలుగు లిపి నేర్చుకుని అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని సరిచూసినప్పుడు ఒకచోట ఆగిపోయాను. అచ్చులో "వైరులు" అని ఉన్నచోట నాయన పుస్తకంలో "వారలు" అని ఉంది. రెండూ ఒక గురువు, రెండు లఘువులు. గణం చెడలేదు. వై కైనా వా కైనా యతి సరిపోతుంది. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇన్నేళ్ళూ మా ఊళ్ళో ఆ పద్యంలో శత్రువులు లేరు, వాళ్ళు అని ఉన్నారంతే. నేను పెన్సిలుతో దిద్ది మా సుయోధనుడికి చూపించాను. ఆయన పుస్తకం మూసి నా చేతిలో పెట్టి, "మీ నాయన చెప్పిందే మా నోట్లో ఉండాది. అట్లనే ఉండనీమ్మా" అన్నాడు. నేను పెన్సిలు గీత చెరిపేశాను. అచ్చు పుస్తకం ఊరూరికీ ఒకటే. ఇది మా ఊరిది.

నాటకం కట్టడం అంటే బయటివాళ్ళు ఒక రాత్రి ఆట అనుకుంటారు. శెనక్కాయ పంట ఇంటికి చేరాక గుడి ముందర మొదలవుతుంది. ముందు పాత్రలు పంచుకోవాలి. మావైపు పాత్ర ఊరికే రాదు, పాత్రకింత అని చందా వేసుకుంటారు. కృష్ణుడికి ఎక్కువ, ద్వారపాలకుడికి తక్కువ. ఆ డబ్బుతోనే హార్మోనియం అయ్యవారికి, తబలాకు, సీన్లకు, కిరీటాలూ భుజకీర్తులూ అద్దెకిచ్చేవాళ్ళకు, బయటి ఊరి నుంచి వచ్చే ద్రౌపది, రుక్మిణి పాత్రధారిణులకు ఇవ్వాలి. తర్వాత రెండు మూడు నెలలు రోజూ రాత్రి రిహార్సలు. పగలంతా మడక పట్టినవాడు రాత్రి మోహన రాగం పట్టాలి. కొందరికి చదువే రాదు. నాయన ఒక్కో పాదం చెబుతుంటే పదిసార్లు, ఇరవైసార్లు అనేవాళ్ళు. పశువులు తోలుకుపోతూ అనేవాళ్ళు, మోటరు దగ్గర నీళ్ళు కట్టుకుంటూ అనేవాళ్ళు. ఆ నెలల్లో మా ఊరి చేల మీదుగా నడిచిపోతే ఏ గట్టు మీద ఎవరు ఏ పాత్రో చెప్పగలిగేదాన్ని.

ఒక సంవత్సరం ఊళ్ళో రెండు ఇళ్ళ మధ్య దారి తగాదా. కోర్టు దాకా పోయింది. పలకరింపు లేదు, ఒకరి ఇంటి చావుకు ఇంకొకరు పోలేదు. ఆ ఏడాది ఆ ఇంటి కొడుకు కృష్ణుడు, ఈ ఇంటి పెద్ద సుయోధనుడు. నాయన కావాలనే అలా వేశాడో, గొంతుల్ని బట్టి వేశాడో నాకు చెప్పలేదు. పడకసీనులో మంచం మీదినుంచి లేచిన కృష్ణుడు సుయోధనుణ్ణి ఆప్యాయంగా పలకరించి, కుటుంబంలో ఒక్కొక్కరి క్షేమం అడుగుతాడు. రిహార్సల్లో మొదటి వారం ఆ కుర్రవాడు నేలను చూస్తూ పద్యం చదివాడు. నాయన హార్మోనియం ఆపి, "మొగం చూసి అడుగప్పా, నీకు పాత్ర ఇచ్చింది అందుకే" అన్నాడు. నెల తిరిగేసరికి చూసి అడుగుతున్నాడు. దారి తగాదా కోర్టులోనే తేలింది, నాటకంతో తీరిపోలేదు. కానీ ఆ పెద్దాయన పోయినప్పుడు పాడె పట్టిన నలుగురిలో ఆ కృష్ణుడొకడు.

కళ సమాజాన్ని కలుపుతుంది అని సభల్లో వింటూ ఉంటాం. ఎలా కలుపుతుందో నేను చూసింది ఇదీ. రోజూ ఒకే చాప మీద కూర్చోవాలి, ఎదుటివాడి పద్యం అయ్యేదాకా ఓపికపట్టాలి, వాడు మరిచిపోతే అందించాలి. బయటినుంచి ట్రూపును పిలిచి ఒక రాత్రి ఆడిస్తే చప్పట్లు ఉంటాయి గాని ఇది ఉండదు.

గీత మీది కళకు ఒకే భాష ఉండాలనేవాళ్ళు మా చుట్టుపక్కల చూడాలి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయి. ఇంట్లో వాళ్ళు మాట్లాడేది మరాఠీ కలిసిన మాట. ఆడేది తెలుగు రామాయణం, తెలుగు భారతం. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మరి ఆ బొమ్మ ఏ భాష? బళ్ళారి జిల్లా దరోజి ఈరమ్మది ఇంకో కథ. బుడగ జంగాల ఇంట పుట్టింది, ఇంటి మాట తెలుగు. బుర్రకథ పాడింది కన్నడంలో. అక్షరం రాని ఆమె పన్నెండు కావ్యాలు నోటికి చెప్పేది. హంపి కన్నడ విశ్వవిద్యాలయం ఆమెను నాడోజ బిరుదుతో గౌరవించింది. 2014లో పోయింది. కన్నడ నాడు ఆమెను తన బిడ్డగా చూసుకుంది, అది సరైన పని. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పాడు. కోలారు, చిక్కబళ్ళాపురం పల్లెల్లో ఆయన తెలుగు తత్త్వాలను కన్నడ అక్షరాల్లోనే చదువుకుని పాడుకుంటారు. మా నాయన పుస్తకం ఒంటరిది కాదు.

ఇక బళ్ళారి. ఆంధ్ర నాటక పితామహుడని తెలుగువాళ్ళు పిలుచుకునే ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలుగా ఉన్నది బళ్ళారిలోనే. సరస వినోదినీ సభ పెట్టిందీ, చిత్రనళీయం ఆడించిందీ అక్కడే. కోలాచలం శ్రీనివాసరావు నాటకాలు రాసిందీ ఆ ఊళ్ళోనే. బళ్ళారి రాఘవ తెలుగులోనూ కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ వేషం కట్టాడు. తెలుగు నాటకం నిలదొక్కుకున్న ఊరు ఈ రోజు కర్ణాటకలో ఉంది. ఆ ఊరు కర్ణాటకలో ఉందని చెప్పి తెలుగు నాటక చరిత్రలోంచి ఆ అధ్యాయం చించేస్తామా?

గీత మీద బతికేది మేమొక్కరమే కాదు. మా చెల్లెలి కొడుకు కాలిఫోర్నియాలో పనిచేస్తున్నాడు. కిందటి సంక్రాంతికి వాడు కొన్ని ఫోటోలు పంపాడు. సాన్‌డియాగో ఊళ్ళో పెద్ద వంతెన, దాని స్తంభాల నిండా ఎత్తెత్తు రంగు బొమ్మలు. పాత మెక్సికో దేవతలు, పొలం కూలీలు, తల్లులు. చికానో పార్కు అంటారట. అక్కడ మెక్సికో మూలాలున్న జనం పేట మధ్యలోంచి రోడ్డూ వంతెనా వేశారు. వంతెన కింద పార్కు ఇస్తామన్న చోట పోలీసు స్టేషను కట్టబోతే, 1970 ఏప్రిల్లో జనం వచ్చి ఆ నేల మీద కూర్చున్నారు, కదల్లేదు. పార్కు సాధించుకున్నారు. తర్వాత వాళ్ళ చిత్రకారులు ఆ కాంక్రీటు స్తంభాలనే గుడి గోడలు చేసుకున్నారు. ఒకప్పుడు ఆ సీమంతా మెక్సికోది. 1848లో యుద్ధం ముగిసి ఒప్పందమయ్యాక అమెరికాకు పోయింది. తాము గీత దాటలేదని, గీతే తమ మీదుగా దాటిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారట. ఆ మాట విన్నప్పుడు నాకు మా మడకశిర రోడ్డు గుర్తొచ్చింది.

వాడు చెప్పిన ఇంకో సంగతి నన్ను మరీ పట్టుకుంది. 1965లో డెలానో అనే చోట ద్రాక్ష తోటల కూలీలు సమ్మె చేస్తున్నప్పుడు లూయిస్ వాల్డెజ్ అనే అతను ఆ కూలీల చేతనే నాటకాలు ఆడించాడు. పేరు టియాట్రో కాంపెసీనో, అంటే రైతుకూలీ నాటకశాల. లారీ వెనక బల్లే వేదిక. ఎవరు దొర, ఎవరు కూలీ అన్నది మెళ్ళో అట్టముక్క మీద రాసి కట్టుకునేవాళ్ళు. మాటలు స్పానిషూ ఇంగ్లీషూ కలిసినవి, వాళ్ళు తోటల్లో మాట్లాడుకునేవే. ఇది ఏ భాషా నాటకం అని వాళ్ళు తమను తాము అడుగుతూ కూర్చోలేదు. రాత్రి ఆ బల్ల ముందు నిలబడిన కూలీకి తెల్లారి సమ్మెలో నిలబడే దమ్ము కావాలి, అంతే. వాళ్ళది కూలీ పోరాటం, మాది పురాణం. రెండూ ఒకటని నేననను. కానీ పగలు పొలంలో వంగినవాడే రాత్రి వేదిక మీద నిలబడడం, వాడి నోటి మాటే నాటకం మాట కావడం, ఇది నేను ఎరిగిన సంగతే.

మా పొలాల సంగతీ చెప్పాలి. తిరుమణి, బలసముద్ర, వళ్ళూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు. చివరి రెండు పేర్లలో నాకు తెలుగు చెరువే వినిపిస్తుంది. ఈ ఐదు ఊళ్ళ చుట్టూ 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది, 2,050 మెగావాట్లు. భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు, మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. వానలు మోసం చేసే సీమలో అది కొందరి ఇళ్ళల్లో దీపం పెట్టింది, కాదనను. కానీ భూమి లేని కూలీకి కౌలు రాదు. శెనక్కాయలు వలిచే పనీ, కలుపు పనీ లేక వాళ్ళు బెంగుళూరు బస్సెక్కారు. మా నాటకంలో అర్జునుడు ఇప్పుడు అక్కడ ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. సైనికుల వేషాలేసే పిల్లలు కట్టడం పనుల్లో ఉన్నారు. పంట కోత అయ్యాక నాటకం మొదలయ్యేది, ఇప్పుడు చాలా చేలల్లో కోతే లేదు. పండగ రాత్రి కొన్ని ఊళ్ళల్లో నాటకానికి బదులు డీజే పెట్టుకుంటున్నారు. కుర్రాళ్ళను నేను తప్పుపట్టను. రెండు నెలలు రిహార్సలుకు కూర్చునే తీరిక బతుకు వాళ్ళకు ఇవ్వలేదు.

అందుకే అడుగుతున్నాను. కర్ణాటక, ఆంధ్ర సాంస్కృతిక శాఖలు రెండూ ఒక్కసారి మా గుడి ముందర చాప మీద కూర్చోవాలి. సాయం ఇచ్చేటప్పుడు నాటకం ఏ భాషలో ఉందని కాక, ఏ ఊరు ఆడుతోందని చూడండి. గీతకు రెండు పక్కలా ఉన్న తాలూకాలకు, మండలాలకు కలిపి ఒక నాటకోత్సవం పెట్టండి. ఒక ఏడు పావగడలో, ఒక ఏడు మడకశిరలో. కన్నడ కురుక్షేత్రమూ తెలుగు రాయబారమూ ఒకే వేదిక మీద జరగనివ్వండి. మా జనం రెండూ చూసి తప్పు ఎక్కడ పోయిందో చెప్పగలరు.

అన్నిటికన్నా ముందు పుస్తకాలు. మా నాయనది లాంటివి ఈ తాలూకాలో ప్రతి నాటకపు ఊళ్ళోనూ ఒకటో రెండో ఉంటాయి, అటకల మీద, ట్రంకు పెట్టెల్లో. కొన్నిటికి చెదలు పట్టి ఉంటుంది. నేను ఎరిగిన ఒక హార్మోనియం అయ్యవారి పుస్తకం ఆయన పోయిన మూడో రోజున పాత బట్టలతో పాటు మంటల్లో పోయింది. ఇంటివాళ్ళకు అది కన్నడం రాతలాగే కనబడింది, చదివితే అర్థం కాలేదు, ఏదో పాత లెక్క అనుకున్నారు. విశ్వవిద్యాలయాలవాళ్ళు కెమెరాతో వచ్చి పేజీలు ఫోటోలు తీసుకుపోతే చాలు. పద్యం చదివే ముసలివాళ్ళ గొంతులు కూడా పట్టుకోవాలి. అదే రాగంలో ఒక్కో ఊరిది ఒక్కో ఒరవడి, అది ఏ అక్షరానికీ అందదు.

వాళ్ళు వచ్చేదాకా నేను కూర్చోలేదు. ఆదివారం పొద్దున మా పంచలో పదిమంది పిల్లలు వస్తున్నారు. కన్నడ అక్షరాల్లోనే పద్యం రాయిస్తున్నాను, తెలుగు లిపి తర్వాత అని. మొన్న సెలవులకు బెంగుళూరు నుంచి మా అర్జునుడి కొడుకు వచ్చాడు. ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. నాయన పుస్తకం ముందు పెడితే కూడబలుక్కుంటూ చదివి, ఒకచోట వేలు పెట్టి, "అజ్జీ, ఈ అక్షరం కింద సిరా కారింది" అన్నాడు. కారలేదురా, అక్కడ నాలుక పంటికి ఆనించాలి అని చెప్పి, నేను పలికి చూపించాను. వాడు రెండుసార్లు తప్పాడు, మూడోసారి పలికాడు. తర్వాత తన నోటుబుక్కు తెరిచి, అంతకుముందే రాసుకున్న పద్యంలో చుక్కలు పెట్టుకుంటూ కూర్చున్నాడు. వాళ్ళమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు.

హార్మోనియంలో రెండు రీడ్లు పలకడం లేదు. ఈ శుక్రవారం హిందూపురం బస్సెక్కుతున్నాను. అక్కడ బాగుచేసేవాళ్ళు ఇంకా ఒకరున్నారని చెప్పారు.